నాలుగో బేలో సూరి

లెక్కకి దిష్టిచుక్క పెట్టడం హిమబిందు ఆఫీసులో పెద్దాయన సత్యప్రసాద్ గారి దగ్గరే నేర్చుకుంది. నవ్వకండి. కరెంటు లెక్కలు కట్టేవాళ్ళకి ఇలాంటి పిచ్చి అలవాట్లు బోలెడుంటాయి. బయటికి చెప్పుకోరు, అంతే.

గమ్హరియా అనే ఊరు దాటాక కొత్తగా ఓ బ్యాటరీ స్టేషన్ కట్టారు. బ్యాటరీలో ఉండే కరెంటు ఒక రకం, తీగల్లో పారేది ఇంకో రకం. ఆ రెంటికీ మధ్య మాట కలిపే యంత్రమే కన్వర్టర్. పాతకాలం జనరేటర్లు బండ ఇనుము కనక గ్రిడ్, అంటే ఊళ్ళన్నిటినీ కలిపే తీగల వల, కాస్త కుదిపినా ఉలకవు, పలకవు. ఈ కన్వర్టర్‌కి ఒంట్లో ఇనుమే లేదు, ఉన్నదంతా బుర్రే. పక్కనున్న గ్రిడ్ బలంగా ఉన్నంతసేపూ బుద్ధిగా ఉంటుంది. గ్రిడ్ నీరసపడితే దీనికి కంగారు పుడుతుంది. గ్రిడ్ వణికితే ఇదీ వణుకుతుంది, ఇది వణికితే గ్రిడ్ ఇంకాస్త వణుకుతుంది, చివరికి ఏదో ఒకటి పేలుతుంది. అందుకే కలిపేముందు మొత్తం తంతుని కంప్యూటర్లో మోడల్ కట్టి చూస్తారు. హిమబిందు ఉద్యోగం అదే. సిద్ధగోరా పేటలో మందుల షాపు మీద మేడ, ఆరు కుర్చీలు, రెండు పెద్ద కంప్యూటర్లు. వాటి మీద పోయినసారి విశ్వకర్మ పూజకి పెట్టిన సిందూరం ఇంకా అలాగే ఉంది.

మరి దిష్టిచుక్క ఏమిటంటే, మోడల్ ఒక్కోసారి ఉత్తినే వణుకుతుంది. అది లెక్కలో వచ్చే దొంగ వణుకు, స్టేషన్‌ది కాదు. అప్పుడు ఓ మూల వణుకుని అణిచే చిన్న రెసిస్టర్ ఒకటి తగిలిస్తారు. నిజం స్టేషన్లో అలాంటిది ఉండదు. పసిపిల్లల బుగ్గన పెట్టినట్టు కాస్తంత నలుపు, లెక్క నిమ్మళించడానికి. నిమ్మళించాక తీసెయ్యాలి. తియ్యడం మర్చిపోయారా, దొంగ వణుకుతోపాటు అసలు వణుకు కూడా కనపడకుండా పోతుంది.

ఇంకో అలవాటు కూడా చెప్పాలి. మోడల్‌ని ఎవరూ మొదట్నుంచి కట్టరు. ఎవరికంత ఓపిక? సత్యప్రసాద్ గారు ఎప్పుడో కట్టిన ఫైల్ ఉంది. దాన్నే కాపీ చేసి, పేర్లు మార్చి, అంకెలు మార్చి, కొత్త స్టేషన్ తయారు చేస్తారు. ఆ ఫైల్లో నాలుగో బే దగ్గర, అంటే యార్డులో పరికరాలు నిలబెట్టే నాలుగో వరసలో, ఒక దిష్టిచుక్క ఉంది. దాని పేరు సూరి. మామూలుగా ఆఫ్‌లో ఉంటుంది. సూరి ఎవరో ఏడేళ్ళుగా ఆ ఆఫీసులో ఒక్కరూ అడగలేదు. హిమబిందు కూడా అడగలేదు. పోయినేడాది సత్యప్రసాద్ గారు పోయారు, ఫైల్ మాత్రం మిగిలింది.

ఇక ఆ మే నెల గురువారం సంగతి. ఆ రోజు పదకొండున్నరకి బ్రేకర్ అనే పెద్ద స్విచ్ వేసి స్టేషన్‌ని మొదటిసారి గ్రిడ్‌కి కలుపుతున్నారు. కలపొచ్చు, భయం లేదు అని రిపోర్టు రాసి సంతకం పెట్టింది హిమబిందు. అది వెళ్ళి పది రోజులైంది. యార్డులో వేడి కొలిచే కెమెరా పట్టుకుని నిలబడే టెక్నీషియన్ ఆమె తమ్ముడు మోహిత్. ఇరవయ్యారేళ్ళవాడు, బిర్సానగర్‌లో అమ్మ దగ్గరుంటాడు. ఈ హిందీ ఊళ్ళో పెరిగినవాడు కనక తెలుగులో అడిగితే హిందీలో జవాబు చెప్తాడు. పొద్దున్నే ఫోన్ చేసి, "దీదీ, ఆజ్ హీరో మై హూఁ" అని, ఇవాళ హీరో తనేనని గొప్పలు పోయాడు కూడా.

తొమ్మిదిన్నరకి ఆఫీసు తలుపు తీసి, పాత ప్రాజెక్టులన్నిట్లాగే దీన్నీ భద్రం చేద్దామని ఫైల్ తెరిచింది హిమబిందు. సూరి ఆన్‌లో ఉంది.

పంపిన రిపోర్టు తాలూకు ఫైల్ వెతికింది. అందులోనూ ఆన్. మార్చిలో దొంగ వణుకు వచ్చినప్పుడు తనే ఆన్ చేసింది. తర్వాత ఆఫ్ చెయ్యాలనుకుంది. అనుకోవడం గుర్తుంది, చెయ్యడం గుర్తులేదు.

సూరిని ఆఫ్ చేసి మోడల్ నడిపింది. పది సెకన్ల కథ లెక్కకట్టడానికి కంప్యూటర్ పావుగంట తీసుకుంది. గీత బయల్దేరింది, వణికింది, వణుకు పెరిగింది, రెండో సెకను నిండేసరికి నాలుగో బేలో అరెస్టర్ ఓర్చుకోగలిగిన హద్దు దాటేసింది. అరెస్టర్ అంటే మనిషెత్తు పింగాణీ స్తంభం. ఎక్కువైన వోల్టేజీని మింగి భూమిలోకి పంపుతుంది. మింగగలిగినంతే మింగుతుంది. ఆపైన బద్దలై, పెంకులు కత్తుల్లా ఎగురుతాయి. మోహిత్ కెమెరా పట్టుకుని నిలబడేది సరిగ్గా దాని ముందే.

పొరపాటున చూశానేమోనని మళ్ళీ నడిపింది. ఈసారి గీత బుద్ధిగా వచ్చింది. ఇదేమిటి? సూరి వంక చూస్తే ఆన్‌లో ఉంది.

"నేను ఆఫ్ చేశాను కదా," అంది పైకే. గదిలో ఇంకెవరూ లేరు. ఫ్యాన్ తిరుగుతోంది, కింద మందుల షాపు షట్టర్ ఎత్తిన చప్పుడయింది.

మళ్ళీ ఆఫ్ చేసి, తెరని ఫోన్‌తో ఫొటో తీసుకుని, మూడోసారి నడిపి, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. కీబోర్డు ముట్టుకోలేదు. గీత మొదటిసారిలాగే వణుకుతూ బయల్దేరి, పెరిగి, పెరిగి, ఇంక దాటేస్తుందనగా ఎవరో చెయ్యి వేసి పట్టుకున్నట్టు ఆగింది. అక్కణ్ణుంచి తిన్నగా సాగింది. కింద కంప్యూటర్ తనంతట తాను రాసే చిట్టాలో కొత్త వరస ఒకటి కనిపించింది: 1.94 సెకన్లు, సూరి సర్వీసులోకి వచ్చింది.

ఫొటోలో సూరి ఆఫ్‌లోనే ఉంది. తెర మీద ఆన్‌లో ఉంది. ఒకే ఫైల్ని ఒకేలా నడిపితే ఒకే జవాబు రావాలి. అది రాకపోతే ఇంక ఈ చదువెందుకు, ఈ ఉద్యోగమెందుకు?

పదిన్నరకి బాలాజీ గారొచ్చారు. ఆఫీసు ఆయనదే. చెడ్డవాడు కాదు గానీ కంగారు మనిషి. అంతా విని టవల్‌తో మొహం తుడుచుకున్నారు.

"బిందూ, ఓసారి ఓలా, ఓసారి ఇంకోలా వచ్చిందంటే నేనేటి చెయ్యాల? ఏది నమ్మమంటావు? ఇయ్యేళ పది శాతం కరెంటే కదా ఎక్కిత్తారు. కానియ్యి. రేపు కూర్చుని నిదానంగా చూద్దాం."

"పది శాతానికే నడిపాను సార్. రెండు సెకన్లలో పేలుతోంది."

"మూడు సార్లలో ఒక్కసారే కదా!"

"మిగిలిన రెండుసార్లూ సూరి వచ్చాడు సార్."

వచ్చాడు అన్నానేమిటి అనుకుంది, నోట్లోంచి మాట వెళ్ళిపోయాక. బాలాజీ గారు ఆమెని ఎగాదిగా చూసి, "నీళ్ళు తాగమ్మా," అన్నారు.

నీళ్ళు తాగలేదు హిమబిందు. చెప్పులేసుకుని మెట్లు దిగి, రెండు వీధుల వెనకున్న సత్యప్రసాద్ గారి క్వార్టర్‌కి పరుగులాంటి నడకతో వెళ్ళింది. ఆయన భార్య కస్తూరమ్మ గారు వాకిట్లో నులకమంచం మీద పాత చీర పరిచి వడియాలు పెడుతున్నారు. ఎండ అప్పటికే నెత్తి మాడ్చేస్తోంది.

"పిన్నిగారూ, సూరి ఎవరండీ?"

కస్తూరమ్మ గారి చెయ్యి ఆగిపోయింది. పిండి వేలినుంచి జారి చీర మీద పడింది.

"ఇన్నాళ్ళకి అడిగేవా," అన్నారు. "కూకో."

"కూర్చునే టైం లేదండీ."

"అయితే నిలబడే ఇను. అప్పలసూరి. సోంపేట కాడ మా ఊరోడే. ఈయనే తీసుకొచ్చి హెల్పర్ పనిలో ఎట్టేరు. పన్నెండేళ్ళయింది. ఏదో ఫర్నేసు పక్కన ఇలాటిదే ఒక మెషీను పెట్టేరు. లెక్క ఈయనే కట్టేరు. ఆ చుక్క ఏదో పెట్టి తియ్యడం మర్చిపోనారు. మెషీను ఏసిన రోజు సూరి ఆ పింగాణీ కంబం కాడే నిలబడ్డాడు. నెత్తికి ఎర్ర గంచా తువ్వాలు, ఇంకేటీ నేదు. అప్పట్లో హెల్పర్లకి టోపీ ఎవులిచ్చేరు? పక్కకి రారా అని ఎవులో పిలిత్తే, 'సార్ లెక్క కట్టేరు, నాకేటవద్ది' అన్నాడంట." ఆవిడ కొంగుతో కళ్ళు ఒత్తుకున్నారు. "అదే ఆఖరి మాట."

"మరి చుక్కకి ఆ పేరు?" అంది హిమబిందు.

"ఆ చుక్కకి ఆడి పేరెట్టేరు ఈయన. రేపు ఎవులైనా తెరిచి, ఇదెవులండీ అని అడుగుతారు, అప్పుడు నా తప్పు చెప్తాను అనీవోరు. ఎవులూ అడగనేదు. చెప్పకుండానే పోనారు."

"ఆఫ్ చేసినా అదే ఆన్ అవుతోందండీ, పిన్నిగారూ."

ఆవిడ ఆశ్చర్యపోలేదు. అది చూసి హిమబిందుకి ఇంకా భయమేసింది.

"ఈయనకీ నాలుగైదు సార్లు అయింది. అలా అయినప్పుడల్లా రాసిన రిపోర్టు చింపీసీవోరు. సూరొచ్చి నిలబడ్డాడే, అక్కడ పని బాగోనేదు, అనీవోరు. ఇప్పుడెక్కడొచ్చి నిలబడ్డాడమ్మా?"

జవాబు చెప్పకుండానే వెనక్కి తిరిగి పరిగెత్తింది హిమబిందు. పరిగెడుతూనే మోహిత్‌కి ఫోన్ కలిపింది. పదకొండు దాటింది. నాలుగోసారికి ఎత్తాడు.

"మోహిత్, యార్డులోంచి బయటికొచ్చెయ్. ఇప్పుడే. ఏటీ అడక్కు."

"అరే దీదీ, పాగల్ హో క్యా? సబ్ లోగ్ దేఖ్ రహే హైఁ," అని విసుక్కున్నాడు, అందరూ చూస్తుంటే పరువు పోతుందన్నట్టు.

"నా రిపోర్టు తప్పురా!"

వాడు నవ్వాడు. అక్క తనని ఆటపట్టిస్తోందనుకున్నాడు కాబోలు. "రిపోర్ట్ మేరీ దీదీ నే బనాయా హై. ముఝే క్యా హోగా?" అని పెట్టేశాడు.

రిపోర్టు అక్క రాసింది, నాకేమవుతుందట! నడిరోడ్డు మీద నిలబడిపోయింది హిమబిందు. ఎవరో ఆటోవాడు హారన్ కొట్టి తిట్టి పోయాడు. పన్నెండేళ్ళ కిందట అప్పలసూరి అన్న మాటే ఇప్పుడు తమ్ముడి నోట, హిందీలో.

ఆఫీసు మెట్లెక్కుతూ స్టేషన్ కంట్రోల్ రూమ్ ఇన్‌చార్జి సూరజ్‌కి ఫోన్ చేసింది. విషయం చెప్పింది. ఆయన మర్యాదస్తుడే గానీ కాగితం మనిషి. "మేడమ్, ఫోన్ మీద నేను ఆపలేను. రిటెన్ మే దీజియే," అన్నాడు.

రాసి ఇవ్వడమంటే తెలుసు హిమబిందుకి. ఇంక ఈ ఊళ్ళో ఎవరూ ఆమె చేత లెక్క కట్టించరు. బాలాజీ గారి ఆఫీసు కూడా మూతపడొచ్చు. మోహిత్‌ని ఒక్కణ్ణీ ఏదో వంకతో, అమ్మకి బాగోలేదనో మరోటనో బయటికి లాగితే సరిపోతుందన్న ఆలోచన కూడా వచ్చింది. వచ్చిందని దాచడం దేనికి? కానీ వాడి బదులు ఇంకొకడు ఆ కెమెరా పట్టుకుంటాడు కదా. ఆ ఇంకొకడికీ ఓ అక్క ఉంటుంది.

మూడు ముక్కల్లో రాసింది. నా రిపోర్టు తప్పు. లేని రెసిస్టర్‌ని ఉందనుకుని లెక్క కట్టాను. బ్రేకర్ వెయ్యొద్దు, యార్డులో మనుషుల్ని ఉంచొద్దు. కింద తన పేరు. బాలాజీ గారు భుజం మీంచి చదివి, "కొంప ముంచేసేవే!" అని అరిచారు. మౌస్ మీదికి చెయ్యి జాపి, మళ్ళీ ఎందుకో వెనక్కి తీసుకున్నారు. ఆమె పంపేసింది.

వెంటనే సూరజ్‌కి మళ్ళీ ఫోన్ కలిపి స్పీకర్లో పెట్టింది.

"మెయిల్ వచ్చింది మేడమ్, చదువుతున్నా. లేకిన్ క్లియరెన్స్ ముందే ఇచ్చేశారు. బ్రేకర్ ఇప్పుడే..."

ఆయన వెనకాల బ్రేకర్ పడిన చప్పుడు ఫోన్లోనే వినిపించింది. ఆ వెంటే హోరు. మామూలు హోరు కాదు, గొంతు వణుకుతున్నట్టున్న హోరు. హిమబిందు పొద్దున్న గీతగా చూసింది ఇప్పుడు చెవితో వింటోంది. ఒకటి. పెరుగుతోంది. రెండు అనబోయింది. ఆలోపే హోరు ఠక్కున నిమ్మళించింది.

"థోడా షేక్ హువా, అబ్ సబ్ శాంత్ హై," అన్నాడు సూరజ్, ఊపిరి వదులుతూ. "మేడమ్, మీ మొదటి రిపోర్టే కరెక్ట్ లగ్తా హై."

"సూరజ్ జీ, అది శాంతం కాదు! మీ యార్డులో ఆ రెసిస్టర్ లేదు! దండం పెడతాను, సైరన్ కొట్టండి. ముందు మనుషుల్ని బయటికి తియ్యండి!"

తెర ఇంత ప్రశాంతంగా ఉంటే బ్రేకర్ తియ్యడానికి ఆయనకి చెయ్యి రాలేదు. సైరన్‌కి ఏం పోయింది? కొట్టాడు. ఫోన్లో సైరన్, ఎవరో "నికలో, నికలో" అని బయటికి తరమడం, కంకర మీద బూట్లు. యార్డు పెద్దది, నాలుగో బే గేటుకి అన్నిటికన్నా దూరం. హిమబిందు టేబుల్ అంచు పట్టుకుని నిలబడింది. ఇంకొంచెంసేపు, బాబూ, ఇంకొక్క కొంచెం, అనుకుంటోంది. ఎవరిని బతిమాలుతోందో తనకి తెలుసు. పక్కన బాలాజీ గారు రెండు చేతులూ జోడించి ఉన్నారు.

ఇనప గేటు మూసిన చప్పుడు. "సబ్ బాహర్," అని, అందరూ బయటికొచ్చేశారని ఎవరిదో గొంతు.

అప్పుడు పేలింది. ఫోన్ స్పీకర్ చిరిగిపోయేలా పేలింది. తర్వాత చాలాసేపు పింగాణీ పెంకులు రేకుల మీద పడుతున్న చప్పుడు.

మోహిత్ ఫోన్ పదినిమిషాలకి వచ్చింది. ఏడుస్తున్నాడు. చిన్నప్పుడు దెబ్బ తగిలితే ఏడ్చినట్టు, తెలుగులో ఏడుస్తున్నాడు.

"అక్కా, నానున్న చోట ఏటీ మిగల్లేదే. మొత్తం పెంకులే."

"నీకేం కాలేదు కదా? చెప్పరా! కాలేదు కదా?"

"కాలేదు. అక్కా, అక్కడొకాయన ఉన్నాడే. సైరన్ కొట్టగానే చూసేను. ఆ కంబాన్ని రెండు చేతుల్తో పట్టుకుని నిలబడ్డాడు. కరెంటు మీదుందది, ముట్టుకుంటే మాడిపోవాల కదా? చాచా, హటో, తప్పుకో అని అరిచేను. నా వైపు తిరక్కుండానే గడ్డంతో గేటు చూపించేడు. ఎల్లిపో అన్నట్టు. నాను పరిగెత్తీసేను, ఆయన్ని వదిలేసి వచ్చీసేను అక్కా." వెక్కాడు. "తర్వాత లెక్కెడితే ఏడుగురం వెళ్ళేం, ఏడుగురం వచ్చేం. లోపల ఎవరూ లేరు. మరి నానెవర్ని చూసేనే?"

హిమబిందు కళ్ళు మూసుకుంది. "నెత్తికేం కట్టుకున్నాడు?"

"ఎర్ర గంచా. నీకెలా తెలుసు?"

నాలుగు రోజుల తర్వాత స్టేషన్లోని రికార్డర్ తాలూకు ఫైల్ వచ్చింది. ఏదైనా ప్రమాదం జరిగితే నిజం గీతనీ లెక్క గీతనీ ఒకదాని మీద ఒకటి పెట్టి చూడాలి, తేడా ఎందుకొచ్చిందో రాయాలి. అది నియమం. హిమబిందు ఆ గురువారం పొద్దున నడిపిన మూడో లెక్క తెచ్చి నిజం గీత మీద పెట్టింది. బాలాజీ గారు కుర్చీ లాక్కుని పక్కన కూర్చున్నారు.

తేడా లేదు. పెరిగిన వణుకు పెరిగినట్టే ఉంది. 1.94 సెకన్ల దగ్గర నిజం గీత కూడా ఎవరో చెయ్యి వేసినట్టు ఆగింది. అక్కణ్ణుంచి పది సెకన్ల దాకా రెండు గీతలూ ఒక్కటే గీత. పదితో లెక్క అయిపోయింది. నిజం మాత్రం అలాగే తిన్నగా, ముప్పై దాటి, నలభై దాటి, 43.2 దాకా సాగింది. అక్కడ ఒక్కసారిగా లేచి తెగిపోయింది. గేటు మూసిన సమయం సూరజ్ డైరీలో రాసుంది. బ్రేకర్ వేసిన నలభై మూడో సెకను.

"యార్డంతా రెండుసార్లు ఎతికించేను బిందూ," అన్నారు బాలాజీ గారు. "రెసిస్టర్ లాంటిది ఏటీ నేదక్కడ. ఏటి రాత్తావు మరి?"

ఫారంలో ఒక గడి ఉంటుంది, ఆ సమయంలో సర్వీసులో ఉన్న పరికరాలు రాయడానికి. హిమబిందు అందులో బ్రేకర్ రాసింది, కన్వర్టర్ రాసింది, అరెస్టర్ రాసింది. ఇంకో వరస మిగిలింది. కాసేపు చూసింది దాన్ని. తర్వాత, ఇంకెవరూ అడగాల్సిన పని లేకుండా, పేరు పూర్తిగా రాసింది.

అప్పలసూరి, హెల్పర్. నాలుగో బే. 1.94 సెకన్ల నుంచి 43.2 సెకన్ల దాకా సర్వీసులో ఉన్నారు.